ఆగిన మెయిల్, మొరాయించే ఎక్సెల్: సరిచేయడం వస్తే కొలువుకు బలం

ఆఫీసు కంప్యూటర్‌లో రోజూ ఎదురయ్యే చిక్కులు పెద్దవేం కావు. మెయిల్ వెళ్లదు. వచ్చిన ఫైలు తెరుచుకోదు. ఎక్సెల్‌లో తేదీలు తారుమారవుతాయి. తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కానీ వీటిలో ఏది వచ్చినా ఇన్వాయిస్ ఆగుతుంది, దాంతోపాటు సరుకూ ఆగుతుంది. టైపింగ్ వచ్చినవారికి కొదవ లేదు. ఆగిన పనిని మళ్లీ కదిలించగలవారే తక్కువ. ఈ నేర్పును ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీదే అలవరచుకోవచ్చు.

ఎక్కడ అవసరం?

అద్దంకికి దగ్గర్లోని మార్టూరు, బల్లికురవల్లో గ్రానైట్ క్వారీలు, పాలిష్ యూనిట్లు ఉన్నాయి. చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులు, గుంటూరులో మిర్చి యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు నడుస్తున్నాయి. ఇలాంటి చోట్ల ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, బస్తాల లెక్క చూసే గుమస్తాకు మెయిల్, ఎక్సెల్, ట్యాలీ రోజువారీ పనిముట్లు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ అనే పోస్టే ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2కు కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షలో అర్హత సాధించాలి. విజయవాడ, హైదరాబాద్‌లలో ఐటీ హెల్ప్‌డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకైతే పునాదే ఇది.

ముందు లోపం ఎక్కడో తేల్చాలి

కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు, కారణం తెలియకుండానే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. లోపం నాలుగు చోట్ల ఉండవచ్చు: నెట్, కంప్యూటర్, మెయిల్ ఖాతా, ఫైలు. ఒక్కోదాన్ని మార్చి చూస్తే అసలు చోటు బయటపడుతుంది. ఇంటి నెట్‌కు బదులు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టగానే మెయిల్ వెళ్తే లోపం నెట్‌లో ఉంది. అదే ఖాతా ఫోన్‌లో బాగానే తెరుచుకుంటే కంప్యూటర్‌ను చూడాలి. ఒక్క ఫైలే మొరాయించి మిగతావి తెరుచుకుంటే ఆ ఫైలునే అనుమానించాలి.

ఇందులో మూడు నియమాలు తప్పకూడదు. తెర మీద వచ్చిన ఎర్రర్ సందేశాన్ని పూర్తిగా చదివి రాసుకోవాలి. ఏ మార్పు చేసే ముందైనా ఫైలుకు ఒక కాపీ తీసిపెట్టాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, దేనితో బాగుపడిందో చివరికి తెలియదు.

మెయిల్ చిక్కులు

పాత డెస్క్‌టాప్‌లో మెయిల్ సైటు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోకపోతే మొదట గడియారం చూడాలి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల కొద్దీ వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి, తప్పు తేదీ ఉన్న కంప్యూటర్ వాటిని చెల్లనివిగా భావిస్తుంది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే సరిపోతుంది.

జీమెయిల్‌లో ఒక మెయిల్‌కు 25 ఎంబీ వరకే ఫైళ్లు జతచేయవచ్చు. అంతకు మించితే డ్రైవ్ లింకుగా పంపాలి, లేదా స్కానింగ్ రిజల్యూషన్ తగ్గించాలి. ఉచిత ఖాతాలో 15 జీబీ స్థలాన్ని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి. ఫొటోలతో అది నిండినా కొత్త మెయిళ్లు రావడం ఆగుతుంది. రావాల్సిన మెయిల్ రాకపోతే స్పామ్ ఫోల్డర్‌నూ చూడాలి. అక్కడ 30 రోజులు దాటినవి వాటంతటవే తొలగిపోతాయి.

బ్రౌజర్‌లో పనిచేస్తున్న జీమెయిల్, పాత అవుట్‌లుక్‌లో మాత్రం పాస్‌వర్డ్ తప్పంటుంటే కారణం వేరు. కేవలం పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే పాత పద్ధతిని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022లో ఆపేసింది. గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ తీసుకుని, అవుట్‌లుక్‌లో దాన్నే ఇవ్వాలి. అవుట్‌బాక్స్‌లోనే మెయిల్ ఉండిపోతే ‘వర్క్ ఆఫ్‌లైన్’ నొక్కి ఉందేమో చూడాలి.

పంపని మెయిళ్లు పంపినట్టు కనిపించినా, తెలియని చిరునామాకు ఫార్వర్డింగ్ పెట్టి ఉన్నా ఖాతా ఇతరుల చేతిలో పడిందని అనుమానించాలి. పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫార్వర్డింగ్ తీసేయాలి. సరుకు అమ్మినవారి పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ వచ్చే మెయిల్‌ను, వారి పాత నెంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే నమ్మాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వర్డ్, ఎక్సెల్

కరెంటు పోయి సేవ్ చేయని పని పోయిందనిపిస్తే వర్డ్‌ను మళ్లీ తెరిచి, ఫైల్ మెనూలో ‘ఇన్ఫో’, ‘మేనేజ్ డాక్యుమెంట్’ ద్వారా వెతకాలి. ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి కాపీ దాస్తుంది. ఈ వ్యవధిని తగ్గించుకోవచ్చు. తర్వాత ఫైలు ‘మరొకరు వాడుతున్నారు’ అని చూపిస్తే, అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలొకటి దాగి మిగిలిపోయి ఉంటుంది. వర్డ్‌ను పూర్తిగా మూసి దాన్ని తొలగించాలి. వర్డ్ తెరవగానే ఆగిపోతుంటే కంట్రోల్ కీ నొక్కి ఉంచి సేఫ్ మోడ్‌లో తెరవాలి. అప్పుడు పనిచేస్తే తప్పు యాడ్-ఇన్‌లదే కావచ్చు. వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. అప్పటికీ కుదరకపోతేనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను రిపేర్ చేయాలి.

ఎక్సెల్‌లో ఎక్కువ నష్టం తెచ్చేది కనిపించని తప్పు. గడి నిండా ‘#’ గుర్తులు కనిపిస్తే చాలాసార్లు కాలమ్ వెడల్పు చాలలేదనే అర్థం, దాంతో ప్రమాదం లేదు. కానీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04ను ఏప్రిల్ 3కు బదులు మార్చి 4గా తీసుకుంటుంది. విండోస్ రీజియన్‌ను భారత్‌కు మార్చాలి. అంతకుముందు తప్పుగా నమోదైన తేదీలు ఈ మార్పుతో సరికావు, వాటిని విడిగా దిద్దాలి. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెలకే కచ్చితత్వం ఉంటుంది. 16 అంకెల ఖాతా నెంబరును మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, తిరిగి రాదు. నెంబరు ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి. కాబట్టి కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. అంకెలు మార్చినా మొత్తం మారకపోతే లెక్కింపు ‘మాన్యువల్’లో ఉండొచ్చు. ఎఫ్9 నొక్కి చూసి, ‘ఆటోమేటిక్’కు మార్చాలి.

తెలుగు అక్షరాల సమస్య

డీటీపీ కేంద్రాల్లో వాడే అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలను కూర్చినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి పిచ్చి గుర్తులవుతాయి. చూడటానికే అయితే పీడీఎఫ్‌గా పంపాలి. అవతలివారు దిద్దాల్సి ఉంటే యూనికోడ్‌లోకి మార్చి పంపాలి. విండోస్‌లో గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ ఫాంట్లు ఉంటాయి. ఆఫీసు పనికి యూనికోడ్ టైపింగ్ నేర్చుకోవడమే మేలు.

శిక్షణ, రెజ్యూమె

పదో తరగతి పాసైనవారు ఐటీఐలో ఏడాది వ్యవధి ఉండే కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్‌లో చేరవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నిర్వహించే సీసీసీ 80 గంటల ప్రాథమిక కంప్యూటర్ కోర్సు. సొంతంగా నేర్చుకునేవారికి ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్‌లో లిబ్రెఆఫీస్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. లిబ్రెఆఫీస్ ఉచితం కాబట్టి సాధనకు ఖర్చు ఉండదు.

పరిష్కరించిన ప్రతి సమస్యనూ లక్షణం, కారణం, చేసిన పని అనే మూడు వరుసల్లో రాసి పెట్టుకోవాలి. హెల్ప్‌డెస్క్ ఉద్యోగుల టికెట్లలో రాసేదీ ఇదే. రెజ్యూమెలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని వదిలేయకుండా మెయిల్ ఖాతా అమర్చడం, ఫైళ్ల రికవరీ, పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చడం అని పనులవారీగా పేర్కొనాలి. మెయిల్ రావడం లేదంటే ఏం చేస్తారని ఇంటర్వ్యూలో అడిగితే, పరిష్కారం ఒక్కమాటలో చెప్పేయకుండా మొదట ఏది పరీక్షిస్తారో, తర్వాత ఏది చూస్తారో వరుసగా వివరించాలి. ఇంటి కంప్యూటర్ మీద చేసిన సాధన ఆ వరుసలోనే తెలిసిపోతుంది.