సొంత పొలంలో వేట: చట్టం ఏమి చెబుతున్నది?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై నగరానికి వచ్చిన అనేక కుటుంబాలకు ఊరిలో నేటికీ పొలాలున్నాయి. చేతికందిన వేరుశనగను అడవిపందులు ఒక్క రాత్రిలో పెళ్ళగించినపుడు, “పహాణీ మన పేరనే ఉన్నది కదా, విల్లంబులతో కొడితే తప్పేమిటి? ఎన్ని ఎకరాలుంటే అనుమతి ఇస్తారు?” అనే సందేహం కలగడం సహజం.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 10 ఎకరాలు, అంతకు తక్కువ గల కొన్ని నివాస స్థలాలలో బాణాలు వేయడాన్ని నియంత్రించే అధికారం కౌంటీలకు ఉన్నది. భారతదేశంలో అట్టి కొలత ఏదీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. భూమి ఒక గుంట అయినా, నూరెకరాలైనా నియమం ఒకటే. పొలం రైతుదే, అందులో తిరిగే వన్యప్రాణి రైతుది కాదు.

వేట అంటే చంపడం మాత్రమే కాదు. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, వల వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటయే. వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. కనుక ఊరి నుండి బంధువులు పంపిన అడవిపంది మాంసాన్ని నగరంలో ఇంట ఉంచుకొన్నవారు కూడా నేరస్థులే.

కృష్ణజింక, నెమలి వంటి మొదటి షెడ్యూల్ ప్రాణులను వేటాడితే 3 నుండి 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా తప్పవు.

చట్టం రైతును నిస్సహాయునిగా విడువలేదు. ప్రాణరక్షణకై సద్బుద్ధితో జంతువును గాయపరచినా, చంపినా 11వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. అయితే ఆ సమయంలో అతడు చట్టవిరుద్ధమైన పని చేస్తూ ఉండరాదు. రెండవ షెడ్యూల్‌లోని జంతువు పైరుకు ప్రమాదకరమైనపుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు తెలిపి లిఖితపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చును. ఆ ఉత్తర్వు లేకుండా రైతు స్వయంగా పూనుకొనరాదు.

పైరు నష్టమైనపుడు ఛాయాచిత్రాలు తీసి, పహాణీ ప్రతితో సమీప అటవీ వలయ కార్యాలయంలో పరిహారానికి దరఖాస్తు చేయాలి. కంచెకు కరెంటు తీగ కలపడం ఎన్నడూ తగదు. రాత్రివేళ పొలానికి వచ్చే పొరుగువాని ప్రాణమే అందులో పోవచ్చును. ఊరిలో సేద్యం చూస్తున్న అన్నదమ్ములకు, కౌలుదారులకు ఈ విషయం ముందుగానే తెలియజేయడం నగరంలోని భూయజమానుల బాధ్యత.