కొండెక్కిన గూడ్సు బండి

అక్కలారా, ఒకరోజు రాత్రి కేంద్రంలో 'రైలు' అనే మాట చదువుతున్నాం. ఒక అక్క అడిగింది.

"టీచరమ్మా, చక్రం ఇనుమే, పట్టా ఇనుమే. రెండూ నున్నగా ఉంటాయి గదా. మరి రైలు కొండ ఎట్టా ఎక్కుద్ది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను. 170 ఏళ్ళకు ముందు ఆస్ట్రియా దేశంలో ఇంజనీర్లు కూడా ఇదే ప్రశ్నతో తలలు పట్టుకున్నారట. ఆ కథ చెప్తాను.

ఆస్ట్రియా యూరప్‌లో ఉంది. దాని రాజధాని వియన్నా. అప్పట్లో అది పెద్ద రాజ్యం. సముద్రం ఒడ్డున ఉన్న ట్రియెస్ట్ రేవు కూడా వాళ్ళదే. ఇప్పుడు ఆ రేవు ఇటలీలో ఉంది. వియన్నా నుంచి ఆ రేవుకు సరుకు పోవాలి. దారికి అడ్డంగా ఆల్ప్స్ కొండలు. కొండకు ఈ పక్క రైలు ఉంది, ఆ పక్క రైలు ఉంది. నడుమ సెమ్మరింగ్ అనే కనుమలో మాత్రం రైలు లేదు. సరుకు దించి గుర్రపు బండ్లకు ఎత్తాలి. కొండ దాటాక మళ్ళీ రైలుకు ఎత్తాలి. ఎంత చాకిరీ!

కార్ల్ గేగా అనే ఇంజనీరు ఆ కొండ మీదుగా 41 కిలోమీటర్ల రైలు దారి గీశాడు. 1848లో పని మొదలైంది. తమాషా ఏమిటంటే, అంత ఎత్తు ఎక్కగల ఇంజను అప్పటికి ఇంకా పుట్టనే లేదు!

దాదాపు 20,000 మంది కూలీలు పని చేశారు. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా చాలామంది. డైనమైటు అప్పటికి రాలేదు. నల్లమందు, సుత్తి, ఉలి, చేతులు, అంతే. వాటితోనే 14 సొరంగాలు తవ్వారు. 16 పెద్ద వంతెనలు కట్టారు. 1850లో కొండ చరియ విరిగి 14 మంది చనిపోయారు. కలరా, టైఫస్ జ్వరాలు వచ్చి వందలమంది పోయారు. 1967లో ఆ దేశం గేగా బొమ్మతో 20 షిల్లింగుల నోటు వేసింది. పని చేసిన ఆడవాళ్ళ బొమ్మ దాని మీద లేదు. నాకైతే అది లోటుగానే అనిపించింది.

ఇక ఇంజను సంగతి. ఆ దారిలో ఏటవాలు ఎంతంటే, 40 అడుగులు ముందుకు పోతే సుమారు 1 అడుగు పైకి. ఓస్, ఇంతేనా అంటారు మీరు. మన కాళ్ళకు అది లెక్క కాదు. ఇనప చక్రానికి చాలా ఎక్కువ.

నున్నటి గచ్చు మీద ధాన్యం బస్తా లాగి చూడండి. బక్కపలచటి మనిషి లాగితే బస్తా కదలదు, కాళ్ళే జారతాయి. బరువైన మనిషి కాళ్ళు నేలను గట్టిగా అదుముతాయి. అందుకే అంత తొందరగా జారవు. ఇంజను కూడా అంతే. లాగే చక్రాల మీద బరువు చాలకపోతే, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి.

1851లో ఇంజన్లకు పోటీ పెట్టారు. నాలుగు ఇంజన్లు వచ్చాయి. నాలుగూ కొండెక్కాయి. జర్మనీలో తయారైన 'బవేరియా' గెలిచింది. బహుమతి 20,000 బంగారు డుకాట్లు. ఆ ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టె ఉంటుంది. ఆ పెట్టె చక్రాలను కూడా గొలుసు వేసి తిప్పారు. ఆ గొలుసు ఎక్కువ కాలం ఆగలేదు. చివరికి నాలుగింటిలో ఒక్కటి కూడా రోజూ వాడే పనికి రాలేదు.

అప్పుడు విల్‌హెల్మ్ ఎంగెర్త్ అనే ఆయన ఇంకో ఉపాయం చేశాడు. ఆయన అంతకుముందు పాఠాలు చెప్పే పంతులు. బొగ్గూ నీళ్ళూ వెనక పెట్టెలో ఉంటే ఇంజనుకు అది ఈడ్చుకుపోయే బరువు. బిడ్డను చెయ్యి పట్టి ఈడిస్తే ఒక తీరు, చంకనెత్తుకుంటే ఒక తీరు. ఎత్తుకుంటే ఆ బరువు మన కాళ్ళ మీదే పడుతుంది గదా. ఎంగెర్త్ నీళ్ళ తొట్లను ఇంజనుకే, పక్కన అమర్చాడు. వెనక పెట్టెను కీలుతో ఇంజనుకు కలిపేశాడు. పొయ్యి బరువు కొంత వెనక చక్రాలు మోశాయి. కీలు ఉంది కాబట్టి ఇంజను వంపుల్లో కూడా తిరిగింది. 1853 చివర్లో ఈ ఇంజన్లు వచ్చాయి. 1854లో మొదట గూడ్సు బండ్లు, జూలై 17 నుంచి ప్రయాణికుల బండ్లు కొండ దాటాయి.

దీనిలోనూ లోపం ఉంది. బండి పోయేకొద్దీ నీళ్ళు ఖర్చవుతాయి. బరువు తగ్గుతుంది. దాంతో పట్టూ తగ్గుతుంది. అందుకని 1860ల్లో ఈ ఇంజన్లను విడదీసి మార్చారు. నాలుగు జతల చక్రాలూ లాగేవే పెట్టారు. బొగ్గు పెట్టె మళ్ళీ విడిగా వెనక్కి పోయింది! 1959లో ఆ దారికి కరెంటు వచ్చింది.

ఇదంతా చెప్పాక ఆ అక్క ఊరుకుందా? "ఎక్కడం సరే, దిగేటప్పుడు ఎట్టా ఆపుతారు?" అంది. ఆ రోజుల్లో కొన్ని పెట్టెల మీద మనుషులు కూర్చునేవారు. ఇంజను కూత వినగానే చేత్తో తిప్పి బ్రేకు బిగించేవారు. ఎండైనా మంచైనా వాళ్ళ చోటు అక్కడే.