తెల్లమద్ది, నల్లమద్ది: గుర్తించే విధానం

మద్ది చెక్కను పాలతో కాచి హృద్రోగులకు ఇవ్వవలెనని చక్రపాణిదత్తుడు 11వ శతాబ్దంలోనే చెప్పాడు. ఆయన చెప్పినది అర్జున వృక్షం, అనగా మన తెల్లమద్ది. భద్రాచలం అడవులలో దీనికి సమీప బంధువైన నల్లమద్ది కూడా విస్తారంగా పెరుగుతుంది. పేరులోని ఈ పోలిక వలన నేనొకసారి పొరపడ్డాను.

మా పెదనాన్నగారికి గుండెదడ, ఆయాసం ఉండేవి. సంతలో మద్ది చెక్క కొని, దంచి, రెండు నెలలు పాలకషాయం ఇచ్చాను. ఒకనాడు మూట అడుగున మిగిలిన ముక్కలను వెలుతురులో చూడగా, పైభాగం నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉన్నది. అది నల్లమద్ది! ఆయనకు హాని జరగలేదు, మేలూ కలగలేదు. డాక్టరు మాత్రలు మాన్పించకపోవడం మా అదృష్టం. అమ్మినవానిని నిందించలేను. నేను అడిగినది మద్ది, అతడు ఇచ్చినదీ మద్దే.

ఆ తరువాతనే చెట్టు వద్దకు వెళ్ళి చూడటం నేర్చుకున్నాను. తెల్లమద్ది వాగుల గట్లను ఆశ్రయించి పెరుగుతుంది గనుక దానిని ఏరుమద్ది అని కూడా అంటారు. నల్లమద్ది తునికి, వేగి చెట్ల నడుమ మెట్టనేలలో కనిపిస్తుంది. కాని స్థలాన్ని మాత్రమే నమ్మరాదు. తెల్లమద్దిని రోడ్ల వెంట కూడా నాటుతున్నారు.

మాను చూడండి. తెల్లమద్ది బెరడు నునుపుగా, లేత బూడిద రంగులో ఉండి, పలుచని పెద్ద పొరలుగా ఊడిపోతుంది. నల్లమద్ది బెరడు మందం, నిలువుగా అడ్డంగా చీలి మొసలి వీపును తలపిస్తుంది. అడవిలో కార్చిచ్చు వచ్చినా ఆ చెట్టు తట్టుకోవడానికి ఈ మందమే కారణం. ఆకులలోనూ భేదమున్నది. తెల్లమద్దికి ఆకు తొడిమ కొనవద్ద చిన్న గ్రంథులుంటాయి. నల్లమద్దికి అవి ఆకు వెనుక, నడిమి ఈనె మీద, చిన్న కాడలతో నిలిచి ఉంటాయి.

అన్నిటికంటె నమ్మదగినది కాయ. రెండింటికీ ఐదు రెక్కలే. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ రెండింటినీ ‘పెంటాప్టెరా’ అన్నాడు, ఐదు రెక్కలు కలవని అర్థం. నేటి వృక్షశాస్త్రం వీటిని కరక, తాని చెట్లతోబాటు టెర్మినేలియా ప్రజాతిలో చేర్చింది. కరక్కాయకు, తానికాయకు రెక్కలుండవు గనుక అక్కడ చిక్కు లేదు. మద్ది కాయను ఎండకు ఎదురుగా పట్టి రెక్కమీది గీతలు చూడవలెను. అవి పైకి వంపు తిరిగి ఉంటే తెల్లమద్ది, అంచు వరకు అడ్డంగా తిన్నగా సాగితే నల్లమద్ది. ఎండుకాయలు చెట్టు క్రింద చాలా నెలలు దొరుకుతాయి. ఒక్కొక్క చెట్టు రెండింటి లక్షణాలనూ కలిపి చూపుతుంది. అటువంటి చెట్టు చెక్కను నేను ఔషధానికి తీసుకోను.

పాలకషాయానికి చూర్ణం 1 భాగం, పాలు 8, నీరు 32 భాగాలు కలిపి, పాలు మిగిలేవరకు సన్నని సెగపై కాచవలెను. గుండెజబ్బుకు మందులు వాడేవారు వైద్యుని అడిగి మాత్రమే దీనిని సేవించాలి, ఆ మందులు మానరాదు.

ఇప్పుడు సంతకు వెళ్ళినపుడు నా సంచిలో ఒక తెల్లమద్ది కాయ ఉంటుంది. దానిని చూపి, “ఈ చెట్టు చెక్క, పైపొర తీయకుండా” అని అడుగుతాను. దంచిన చూర్ణం మాత్రం కొనను.