సమాధిలోని రుమాలు

పునరుత్థాన పండుగ దగ్గర పడితే మీరు ఒక కథ వినే ఉంటారు. యూదుల ఇంట యజమాని భోజనం ముగించి చేతిగుడ్డను నలిపి పడవేస్తే "ఇక చాలు" అని అర్థమట. మడిచి పెడితే "మళ్లీ వస్తాను" అని అర్థమట. అందుకే ప్రభువు సమాధిలో రుమాలు మడిచి పెట్టాడట! వినడానికి బాగానే ఉంది. కాని ఈ ఆచారం ప్రాచీన యూద గ్రంథాలలో ఎక్కడా కనిపించదు.

అక్కడ కనిపించేది వేరు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో హిల్లేలు, షమ్మయి వర్గాల వాదం ఒకటుంది. చేతులు తుడుచుకొన్న గుడ్డను ఎక్కడ ఉంచాలి? బల్ల మీద అన్నారు షమ్మయి వర్గం వారు. కాదు, దిండు మీద అన్నారు హిల్లేలు వర్గం వారు. వారి దిగులంతా శుద్ధి, మైల గూర్చి. మడత ఊసే లేదు. ఆ గుడ్డ పేరు మప్పా. రోమీయులు కూడ దాన్ని మప్ప అనే పిలిచేవారు. అక్కడ అతిథులు తమ గుడ్డను తామే విందుకు తెచ్చుకొనేవారు. వాటిని కాజేసే పెద్దమనుషులను కవి మార్షియలు ఎగతాళి చేశాడు కూడ.

సువార్తలోని మాట ఇది కాదు. యోహాను 20:7లో ఉన్నది "సుదారియోను". చెమట అనే లతీను మాట నుండి పుట్టింది. మన తుండుగుడ్డ వంటిదన్నమాట. లూకా 19:20లో సేవకుడు నాణెం మూటగట్టింది ఇందులోనే. లాజరు ముఖానికి కట్టిందీ ఇదే. 1611 నాటి ఆంగ్ల బైబిలు దీనిని "నాప్కిన్" అన్నది. నేడు ఆ మాట వింటే మనకు భోజనబల్లే గుర్తొస్తుంది. కథ ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం.

ఇక మడత సంగతి. గ్రీకు క్రియకు "చుట్టుట" అని అర్థం. యోసేపు ప్రభువు దేహాన్ని నారబట్టలో చుట్టాడని చెప్పేటపుడు మత్తయి, లూకా ఇదే క్రియను వాడారు.

మరి కథ పోతే ఏమి మిగులుతుంది? మగ్దలా మరియమ్మ మొదట, ప్రభువును ఎవరో ఎత్తుకొనిపోయారనే అనుకొన్నది. దొంగలకు బట్టలు విప్పి, రుమాలు చుట్టి, వేరుగా పెట్టే తీరిక ఎక్కడిదని పునీత యోహాను క్రిసోస్తోము ప్రశ్నించాడు. లాజరు కట్లతోనే వెలుపలికి వచ్చాడు, ఇతరులు విప్పవలసి వచ్చింది. ఇక్కడ విప్పేవారెవరూ లేరు. పేతురు వెనుక లోపలికి వెళ్లిన శిష్యుడు అది చూచి విశ్వసించాడు.

మీ పిల్లలు రుమాలు సంగతి అడిగితే యోహాను 11, 20 అధ్యాయాలు రెండూ వారిచేత చదివించండి.