‘సైజింగ్’ అంటే కొలత కాదు, గంజి

ప్రశ్న: మాది కోరుట్ల. సిరిసిల్లలో మా మేనమామకు సాంచెలు (మరమగ్గాలు) ఉన్నాయి. నూలు పనిమీద ఆయనతో ఈరోడ్ వెళ్తున్నా. ‘సైజింగ్’ అంటే కొలత తీయడమేనా? తమిళంలో ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కొలత కాదమ్మా. చొక్కా సైజు వేరు, సాంచె దగ్గరి సైజు వేరు. ఇంగ్లిషులో రాత ఒక్కటే అయినా, నేతలో సైజ్ అంటే పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టించే గంజి. దీన్ని ‘పరిమాణీకరణ’ అని తెలుగు చేస్తే పని తెలిసినవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

సాంచె నడుస్తున్నంతసేపూ పడుగు పోగులు పన్నె పళ్లకు రాసుకుంటూనే ఉంటాయి. గంజి లేని సింగిల్ నూలైతే నూగు లేచి పుటుక్కున తెగుతుంది. తెగినప్పుడల్లా సాంచె ఆపి ముడి వేయాలి. మీటరు లెక్కన కూలి తీసుకునే కార్మికుడికి ఆ ఆగిన సమయమంతా నష్టమే. అందుకే పోగులను గంజి తొట్టిలో ముంచి, రోలర్లతో పిండి, వేడి డ్రమ్ముల మీద ఆరబెట్టి బీముకు చుడతారు. అడ్డంగా నడిచే పేకకు ఈ పని అక్కర్లేదు. పాలిస్టర్‌కు పిండిగంజి సరిగా అంటదు, రసాయన జిగురు వాడతారు.

తమిళంలో పడుగు ‘పావు’, పేక ‘ఊడై’, గంజి ‘కంజి’, మరమగ్గం ‘విసైత్తఱి’. ‘పావుక్కు కంజి పోడణుమ్’ అంటే పడుగుకు గంజి పెట్టాలని. కొలత కావాలంటే ‘అళవు’ అనండి. బయల్దేరేముందు నూలు కౌంటు ఎంతో, సింగిలో డబులో మామయ్యను అడిగి రాసుకోండి. రెండు పోగులు పురిపెట్టిన నూలుకు చాలావరకు సైజింగ్ అవసరమే పడదు.