తేనెపిట్ట

తిరువూరు ప్రాంతమందలి మన గ్రామమునకు నెమలి యని పేరు. పెద్దపక్షి పేరు ధరించిన యీ యూరి పెరడులలో నాలుగంగుళముల పొడవైన పిట్ట యొకటి తిరుగుచుండును. దాని తూకము 10 గ్రాములకు మించదు. అదియే ఊదారంగు తేనెపిట్ట.

చిన్నదైనను వన్నెలో నిది నెమలికి చుట్టమే. నీడలో మగపిట్ట కాకివలె నల్లగా నుండును. ఎండ సోకినంతనే నీలముగను, ఊదాగను మెఱయును. ఈకలలోని అతిసూక్ష్మమైన పొరలపై వెలుగు పడి ప్రతిఫలించుటచే ఆ మెఱుపు కలుగుచున్నది. నెమలిపింఛము మెఱయుటకును కారణ మిదియే. ఈకను నూరి చూచినచో ఆ నీలము మిగులదు. గూడుకట్టు కాలము గడచిన పిదప మగపిట్ట యీ వన్నెను విడిచి, ఆడుదానివలె పసుపుపొట్టతో నుండును; కంఠమునుండి క్రిందికి నల్లని చార మాత్రము నిలుచును.

పుస్తకములలోని హమ్మింగు పక్షి యిదియే యని కొందఱు బాలురు వాదింతురు. అది సరికాదు. హమ్మింగు పక్షులు అమెరికా ఖండములందే కలవు. అవి గాలిలో నిలిచియే తేనె గ్రోలును. మన పిట్ట తఱచుగా కొమ్మపై కూర్చుండి గ్రోలును. రెంటికిని దగ్గఱి బంధుత్వము లేదు. వృత్తి యొకటే యగుటచే సన్నని పొడవైన ముక్కు రెంటికిని అమరినది.

మోదుగ పూచినపుడు ఈ పిట్టను చూడవలెను. పూవులో ముక్కు దూర్చినపుడు పుప్పొడి దాని తలకంటి మఱియొక పూవునకు చేరును. అయితే కొన్ని పొడవైన పూలకు మొదట రంధ్రము పొడిచి, పుప్పొడి నంటకయే తేనె దొంగిలించుటయు కలదు! పిల్లలకు మాత్రము పురుగులను, సాలీళ్లను తెచ్చి పెట్టును.

గూడు కట్టునది ఆడుపిట్ట. గడ్డిని, నారను సాలెపట్టుతో చుట్టి, బెరడు ముక్కలను, గొంగళిపురుగుల పెంటికలను అంటించి, కొమ్మ చివర వ్రేలాడగట్టును. సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. దూరమునుండి చూచువారికి అది గూడువలె గాక, బూజులో చిక్కిన చెత్తవలె కానవచ్చును. శత్రువులను ఏమార్చు ఆ రూపమే మనుష్యులయొద్ద దానికి చేటగుచున్నది. మేమును ఒకమారు కంచె బాగుచేయుచు, బూజనుకొని కఱ్ఱతో లాగివైచితిమి. గ్రుడ్లు రెండును పగిలినవి. తల్లిపిట్ట సాయంకాలమువఱకు ఆ కొమ్మ చుట్టును తిరుగుచుండెను.

నాటినుండి కంచె పనికి ముందు కొంతసేపు దూరమున నిలిచి చూచుచున్నాము. ప్రక్కగా ద్వారమును, దానిపై చూరువంటి కప్పును కనబడినచో, పిల్లలు ఎగిరిపోవువఱకు ఆ కొమ్మను ముట్టము.