జీపుబండి కమానులలో అరిగిన బుష్షులను మార్చు విధము

పొలముల డొంకలయందును రాళ్లబాటలయందును నడచు జీపుబండ్లలో ఇరుసునకును చట్రమునకును నడుమ ఉక్కుపట్టీల కమానులుండును. కమాను కొనలయందలి కన్నులలో ఒకటి చట్రమునకు బోల్టుతో బిగింపబడును; రెండవది షాకిలు అను ఊగెడు బద్దలకు తగిలింపబడును. కన్నులో బోల్టును చుట్టియుండు గొట్టమే బుష్షు. ఇచ్చట రెండు ఇనుపగొట్టముల నడుమ రబ్బరు అతికిన బుష్షులనుగూర్చియే చెప్పబడుచున్నది. గ్రీజు పెట్టు కంచుబుష్షుల పద్ధతి వేఱు.

గుర్తులు: గుంతలలో టకటక శబ్దమగుట, బండి తిన్నగ పోక ప్రక్కకు లాగుట, రబ్బరు చీలి వెలుపలికి వచ్చుట. ఉపేక్షించినయెడల బోల్టు కన్నునే తినివేయును. అప్పుడు బుష్షుతో పోవు ఖర్చు పెద్దపట్టీ వఱకు పెరుగును.

1. బండిని గట్టి సమతలమున నిలిపి, నేలనుండు చక్రములకు ముందు వెనుకల దిమ్మలు వేయవలెను. జాకీతో ఎత్తి, చట్రము క్రింద బలమైన ఆధారములు పెట్టవలెను. జాకీ జారినయెడల ప్రాణహాని కలుగును గనుక, దానినొక్కదానినే నమ్మి బండి క్రిందికి పోరాదు.

2. ఇరుసును వేఱొక జాకీతో మోయించి, కమానుపై బరువు లేకుండునట్లు సరిచూచిన పిమ్మట బోల్టు తీయవలెను. రెండు ప్రక్కల కమానులను ఒక్కమాఱే విప్పరాదు. ఇరుసు తన చోటు తప్పును.

3. కన్నుకు ఒక ప్రక్క బుష్షుకంటె వెడల్పైన గొట్టపుముక్కను, రెండవ ప్రక్క కన్నులో దూరు బిళ్లను ఉంచి, నడుమ పొడవైన బోల్టు దూర్చి నట్టు బిగించినచో పాత బుష్షు వెలుపలికి వచ్చును. నిప్పుతో కాల్చరాదు; కమాను ఉక్కు పదును చెడును. పైగొట్టము లోపల మిగిలినయెడల, కన్ను గీచుకొనకుండ ఱంపపు బ్లేడుతో దానిని చీల్చి తీయవలెను.

4. కన్నును శుభ్రపఱచి, బీటలున్నవేమో చూడవలెను. బీటలున్న పట్టీ పనికిరాదు. క్రొత్త బుష్షునకు సబ్బునీరు పూసి, పైగొట్టముపైననే ఒత్తిడి పడునట్లు అదే బోల్టుతో లోనికి లాగవలెను. బండిచక్రములకు కందెన వేయు అలవాటుచొప్పున దీనికి నూనెగాని గ్రీజుగాని పూయరాదు. రబ్బరు ఉబ్బి చెడును.

5. బోల్టులను మొదట వదులుగనే పెట్టవలెను. బండిని దింపి, బరువంతయు చక్రములపై పడిన పిదప, ముందునకు వెనుకకు కొంచెము నెట్టి, అటుపిమ్మట గట్టిగ బిగింపవలెను.

ఈ కడపటి నియమమే ముఖ్యము. ఇట్టి బుష్షు బోల్టుపై తిరుగునది కాదు. లోగొట్టము బోల్టుచే పట్టుబడి, నడుమ రబ్బరు మెలిపడుచు కదలిక నిచ్చును. కమాను వ్రేలాడుచుండగా బిగించినచో, బండి దిగినది మొదలు రబ్బరు ఎల్లప్పుడును మెలిపడియే యుండి, క్రొత్త బుష్షు త్వరలోనే చీలును. కొన్నిదినములు నడపిన పిమ్మట నట్టులను మరల పరీక్షింపవలెను.